ముప్పై ఒకటో ఏట పేస్‌మేకర్

పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చేసే చిన్న పరికరం) పెట్టుకున్నాక నెమ్మదిగా బతకడం అలవాటు చేసుకోవాలని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నా విషయంలో సరిగ్గా దానికి రివర్స్. నాకు 31వ ఏట పెట్టారు, కంప్లీట్ హార్ట్ బ్లాక్, అంటే గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ సంకేతాలు అసలు అందకపోవడం. అంతకుముందు గుండె నిమిషానికి 35 సార్లే కొట్టుకునేది. నాలుగు మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్మేవి. నెమ్మదిగా బతికింది అప్పుడండీ!

మొదటి ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తొద్దన్నారు, పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే వైరు లోపల కదలకుండా. నిద్రలో ఎత్తేస్తానేమోనని ఒకటే టెన్షన్. తర్వాత పరుగు, ఈత అన్నీ మొదలెట్టాను. ఫోను మాత్రం చొక్కా జేబులో పెట్టను, ఛాతీకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. మైక్రోవేవ్ గురించి అందరూ భయపెడతారు గానీ దానితో ఏ ఇబ్బందీ లేదు.

వ్యాసం వదిలేసింది బ్యాటరీ సంగతి. పదేళ్లు అటూ ఇటూగా వస్తుంది. డెబ్బై దాటినవాళ్లకు ఒకసారి మారిస్తే సరిపోవచ్చు, నాలాంటివాళ్లకు నాలుగైదు సార్లయినా తప్పదు. బ్యాటరీ ఒక్కటే తీయడం కుదరదు, పెట్టె మొత్తం మారుస్తారు. వైర్లు బాగుంటే అవే ఉంచుతారు. మార్చిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం కొంత ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లు డాక్టరుని ముందే అడగాల్సింది ఇదే.

1958లో స్వీడన్‌లో మొట్టమొదట శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చుకున్న ఆర్నె లార్సన్ వయసు అప్పటికి 43. మొదటిది కొన్ని గంటల్లోనే ఆగిపోయింది. అయినా మొత్తం 26 పేస్‌మేకర్లతో ఆయన 86 ఏళ్లు బతికారు. నాది ఇప్పుడు రెండోది.