ఒక్క ఏడాది గడువివ్వండి

అమెరికాలో కాలేజీలు ఆగస్టులో తెరుస్తారు. బ్యాట్లు, గ్లౌజులు కుక్కిన సంచి భుజాన వేసుకుని, అమ్మానాన్నలతో హాస్టల్ మెట్లెక్కే పద్దెనిమిదేళ్ల కుర్రాడు అప్పటిదాకా తన ఊరి హైస్కూల్ బేస్‌బాల్ జట్టుకు ప్రాణం. అక్కడ మ్యాచ్ అంటే ఏడు ఇన్నింగ్స్, ఇక్కడ తొమ్మిది. అక్కడ ఎదుట నిలబడింది తన ఈడు పిల్లలు, ఇక్కడ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మనుషులు. ఫిబ్రవరి మధ్య నుంచి మే దాకా 56 మ్యాచ్‌లు. శుక్ర, శని, ఆదివారాలు వరసగా ఆట, వారం మధ్యలో ఇంకొకటి, బస్సు ప్రయాణాలు, వాటి నడుమే పరీక్షలు. మొదటి ఏడాది తడబడని కుర్రాడు అరుదు. ఆ తడబాటు చూసి అతన్ని వదిలించుకోవడం, వేరే కాలేజీలో రాటుదేలినవాణ్ని తెచ్చుకోవడం కోచ్‌లకు ఇప్పుడు చాలా తేలికైంది. ఇది అన్యాయమని మేము నమ్ముతున్నాం.

సిద్ధంగా లేడని ఇవాళ అంటున్నవాళ్లే రెండేళ్ల కిందట అతని వెంటపడ్డారు. 2023కు ముందైతే ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలతో కూడా కోచ్‌లు నోటిమాట ఖాయం చేసుకునేవారు. మీసమైనా రాని పిల్లాడు నాలుగేళ్ల తర్వాతి సంగతి తేల్చేసుకునేవాడు. ఆ ఏడాది కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన మార్చింది. పదకొండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 దాకా ఆటగాడితో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదంది. మంచి మార్పే. కానీ అప్పటికీ కుర్రాడికి పదహారేళ్లే. కోచ్‌లకు చూపించుకోవడానికే ఆడే షోకేస్ పోటీల్లో అతని దగ్గర కొలిచేది బంతి వేగం, బ్యాట్‌కు తగిలాక బంతి దూసుకెళ్లే వేగం, అరవై గజాల పరుగు. మూడు పరుగులిచ్చుకున్నాక కూడా గుండె చెదరకుండా తర్వాతి బంతిని గురి తప్పకుండా స్ట్రైక్ వేయగలడా? బంతి వేగం కొలిచే ఏ రాడార్ గన్నూ చెప్పదు. ఇల్లు వదిలొచ్చాక వేళకు తిని నిద్రపోతాడా, మోచేయి నొప్పి పెడితే చోటు పోతుందని దాచేస్తాడా, అదీ చెప్పదు. మొదటి ఏడాది తేలేది వీటి దగ్గరే.

ఈలోగా దారులన్నీ ఇరుకయ్యాయి. ప్రొఫెషనల్ ఆటలో అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఒకప్పుడు 40 రౌండ్లు, 2021 నుంచి 20 మాత్రమే. వాటికి ఆటగాళ్లను తయారుచేసే అనుబంధ మైనర్ లీగ్ జట్లు 160 నుంచి 120కి పడిపోయాయి. హైస్కూల్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ ఆటకు పోయే అవకాశం తగ్గి, ఆ కుర్రాళ్లూ కాలేజీల వైపే వస్తున్నారు. కాలేజీ మారిన ఆటగాడు ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలన్న షరతు 2021లో సడలింది. 2024 నుంచి చదువు సరిగ్గా సాగితే ఎన్నిసార్లయినా మారొచ్చు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు బేస్‌బాల్ జట్టంతటికీ కలిపి 11.7 స్కాలర్‌షిప్‌లే అన్న పరిమితి పోయింది. దాని బదులు జట్టులో 34 మందికి మించి ఉండకూడదన్న పరిమితి వచ్చింది. అంతకుముందు 40 మంది దాకా ఉండేవారు. తగ్గిన ఆ ఆరు చోట్ల బరువు ఎక్కువగా పడేది కొత్తగా వచ్చే పిల్లల మీదే.

విల్కెన్‌కు ఈ ప్రమాదం కనిపించింది. పరిమితి వల్ల చోటు కోల్పోయేవారికి, చోటిస్తామని మాటిచ్చాక కాదనిపించుకున్న కొత్తవారికి రక్షణ ఉండాలని పట్టుబట్టారు. అలాంటివారిని 34 లెక్కలోకి రాకుండా ఉంచుకునే వీలు అందుకే కలిగింది. అయితే ఉంచుకోవాలా వద్దా అన్నది కాలేజీల ఇష్టానికే వదిలేశారు. పైగా అది ఆ ఒక్క మార్పు దెబ్బ తగిలినవారికే. రేపు చేరబోయేవాడికి అదీ లేదు.

సత్తా ఉంటే మొదటి ఏడాదే ఆడతాడు కదా అంటారు కొందరు. కుమార్ రాకర్‌ను చూపిస్తారు. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఈ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) 2019 జూన్‌లో, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో తొలి ఏడాదిలోనే, డ్యూక్ యూనివర్సిటీ జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు చేశాడు. అదే నెల వాండర్‌బిల్ట్ జట్టు ఒమాహా నగరంలో కాలేజీ జట్ల జాతీయ పోటీ అయిన కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో అత్యుత్తమ ఆటగాడూ అతనే. నిజంగా అద్భుతం. కానీ ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. భుజానికి ఒకసారి, మోచేయికి ఒకసారి సర్జరీ అయ్యాక, 2024 సెప్టెంబరులో గానీ అతను మేజర్ లీగ్ మైదానం చూడలేదు. అంత సిద్ధంగా వచ్చినవాడికే అన్నేళ్లు పట్టింది. పిల్లలు ఏడాది పొడవునా వేగం కోసమే బంతులు విసరడం, షోకేస్‌ల పరుగు చేతుల్ని దెబ్బతీస్తున్నాయని మేజర్ లీగ్ సంస్థే 2024 డిసెంబరులో తన నివేదికలో హెచ్చరించింది. మొదటి ఏడాదే నిరూపించుకోవాలన్న టెన్షన్ ఆ చేతుల మీద ఇంకాస్త భారం మోపుతుంది.

గెలవకపోతే కోచ్ ఉద్యోగం పోతుంది, తెలుసు. అందుకే ఈ భారం కోచ్ మంచితనానికి వదలకుండా నిబంధనల్లో పెట్టాలి. హైస్కూల్ నుంచి తెచ్చుకున్న కుర్రాడికి కనీసం రెండేళ్లు జట్టులో చోటు ఉంటుందని కాగితం మీద రాసివ్వాలి. ఇప్పుడు స్కాలర్‌షిప్ రాసిస్తున్నారు, చోటు రాసివ్వడం లేదు. కొత్తవాణ్ని వద్దనుకుంటే ఆ మాట ఆగస్టుకు ముందే చెప్పాలి. శరదృతువు ప్రాక్టీసంతా చేయించుకుని డిసెంబరులో పొమ్మంటే అప్పటికి ఏ కాలేజీలో ఖాళీ ఉంటుంది? ఏడాది ఆడించకుండా అర్హత మిగిల్చే రెడ్‌షర్ట్ పద్ధతి కూడా శిక్షలా కాకుండా, శరీరం, చదువు కుదుటపడే సమయంలా ఉండాలి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లాణ్ని బేస్‌బాల్‌కు తిప్పుతున్న తెలుగు అమ్మానాన్నలకూ ఒక మాట. పెద్ద కాలేజీ పేరు కోసం రెండేళ్ల జూనియర్ కాలేజీని చిన్నచూపు చూడకండి. అక్కడ మొదటి ఏడాదే ఆడే అవకాశం ఎక్కువ, నాలుగేళ్ల కాలేజీలోలా డ్రాఫ్ట్‌కు మూడేళ్లు ఆగనక్కర్లేదు. పెద్ద కాలేజీకే వెళ్తామంటే, సంతకం చేసే ముందు కోచ్‌ను ఒకటి అడగండి: "రెండేళ్ల కిందట మీరు తెచ్చుకున్న ఫ్రెష్‌మన్లలో (మొదటి ఏడాది కుర్రాళ్లలో) ఇప్పుడు ఎంతమంది మీ దగ్గర ఉన్నారు?" అడిగేటప్పుడు పిల్లాణ్ని పక్కనే కూర్చోబెట్టుకోండి.