ధరకు కొలత జీతమే

ఇళ్ళు అమ్ముడుపోతూనే ఉన్నాయి కాబట్టి వాటి ధరలు సమంజసంగానే ఉన్నట్టు లెక్క అన్నది స్థిరాస్తి రంగం ఎప్పుడూ చెప్పే మాట. కొనేవారే కరువైతే ధర దానంతట అదే దిగివచ్చేది కదా అని ఎదురు ప్రశ్న కూడా వేస్తుంది. పైకి తిరుగులేనట్టు కనిపించే ఈ వాదన, కొంటున్నది ఎవరన్న సంగతిని మాత్రం దాటవేస్తుంది. ఆ నగరంలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు, ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, బస్సులు నడిపేవారు తమ జీతాల మీద కొంటున్నారా, లేక ఇప్పటికే రెండిళ్ళున్నవారు మూడోదాన్ని పెట్టుబడిగా చేర్చుకుంటున్నారా అన్నది తేలకుండా అమ్మకాల సంఖ్య చూసి ధరకు కితాబివ్వడం కుదరదు. ఎవరో ఒకరు చెల్లించగలిగినంత మాత్రాన ఏ ధరా సమంజసమైపోదు. ఆ ఊళ్ళో పనిచేసి బతికే మామూలు కుటుంబం ఆదాయానికి అది అందుతున్నదా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్షకు చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం చాలా సులువైనది. నగరంలోని ఇళ్ళ ధరలను వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే ధరను, కుటుంబాల వార్షికాదాయాలను అలాగే పేర్చినప్పుడు నడుమ నిలిచే ఆదాయంతో భాగిస్తారు. సగటు తీసుకుంటే నాలుగైదు రాజభవనాలు, పది మంది కోటీశ్వరులు లెక్కనంతా పైకి లాగేస్తారు కనుక మధ్యగతాన్నే తీసుకోవడం సబబు. ఏటా వివిధ దేశాల నగరాలను ఈ పద్ధతిలో పోల్చే డెమోగ్రాఫియా నివేదిక, ధర ఆదాయానికి 3 రెట్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే అందుబాటులో ఉన్నట్టని, 5 రెట్లు దాటితే తీవ్రంగా అందనిదని లెక్కిస్తుంది. హాంకాంగ్‌లో ఈ నిష్పత్తి 20 రెట్లు దాటిన సంవత్సరాలున్నాయి.

3 రెట్లన్న గీత ఎవరో ఇష్టమొచ్చినట్టు గీసినది కాదు. ఒక కుటుంబానికి నెలకు నూరు వస్తున్నదనుకుందాం. ఏ దేశపు నాణెమైనా లెక్క ఒకటే. ఏడాది ఆదాయం 1200 కాబట్టి 3 రెట్ల ఇల్లంటే 3600. అందులో ఐదో వంతు, అంటే 720, చేతి నుంచి పెట్టుకుని మిగతాది 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో అప్పు తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు 26 పడుతుంది. తక్కిన 74తో తిండి, చదువులు, వైద్యం, రాకపోకలు, కాస్తో కూస్తో పొదుపు నెట్టుకురావచ్చు. ఇప్పుడు అదే కుటుంబాన్ని ధరలు 8 రెట్లున్న నగరంలో నిలబెడదాం. ఇల్లు 9600 అవుతుంది, నెల వాయిదా 69కి చేరుతుంది. నూటికి 69 వాయిదాకే పోతే మిగిలిన 31తో ఏ కుటుంబమూ నెల గడపలేదు; అసలు అంత వాయిదా లెక్కకు వచ్చే దరఖాస్తును బాధ్యత గల ఏ బ్యాంకూ మంజూరు చేయదు. వాయిదా దాకా వెళ్ళడం కూడా తర్వాతి మాట. చేతి నుంచి పెట్టాల్సిన మొత్తమే 1920. నెలకు పది చొప్పున దాచగలిగే క్రమశిక్షణ ఉన్నా దాన్ని కూడబెట్టడానికి 16 ఏళ్ళు పడుతుంది. 3 రెట్ల నగరంలో అదే పని 6 ఏళ్ళలో అయిపోతుంది. ఆ 16 ఏళ్ళూ ధర కదలకుండా కూర్చుని ఉంటుందన్న ఊహ మీద కట్టిన లెక్క ఇది, అదీ గుర్తుంచుకోవాలి. పుట్టింటి వారో అత్తింటి వారో ఆదుకుంటే తప్ప తొలి చెల్లింపు సమకూరని పరిస్థితి వచ్చిందంటే, ఆ నగరంలో సొంతిల్లు సంపాదనతో వచ్చేది కాదు, వారసత్వంగా సంక్రమించేదని అర్థం.

ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటి ఖర్చు ఉండరాదన్న సూత్రం కూడా ఇటువంటి లెక్కల్లో తరచూ వినిపిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు పరిమితి విధిస్తూ 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ 25 శాతం అన్నది. 1981లో దాన్ని 30 చేశారు. ఇది ప్రభుత్వ ఖజానా అవసరాల నుంచి పుట్టిన అంకె కావడం వల్ల దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. బాగా సంపాదించేవారు 40 శాతం ఇంటికే పెట్టినా సుఖంగా బతకగలరు, అట్టడుగు కుటుంబానికి 30 శాతం కూడా పస్తులు పెట్టవచ్చు. పైగా ఊరికి దూరంగా చవక ఇల్లు కొన్నవారు ఆదా చేసినదాన్ని ప్రయాణాలకు పోస్తారు, గంటల కొద్దీ సమయాన్నీ పోస్తారు. ఆ ఖర్చును కలపకుండా శివార్లలో ఇళ్ళు అందుబాటులోనే ఉన్నాయని చెప్పడం లెక్కలతో చేసే కనికట్టు.

అయితే అందరి కళ్ళకూ గంతలు కట్టే అసలు అంశం వడ్డీ. పైన చెప్పిన 8 రెట్ల ఇంటినే 3 శాతం వడ్డీకి, 30 ఏళ్ళ గడువుతో కొంటే నెల వాయిదా నూటికి 69 నుంచి 32కు దిగుతుంది. ధర పైసా తగ్గలేదు, ఇల్లు గజం పెరగలేదు, అయినా అందరాని ఇల్లు అందినట్టు కనిపిస్తుంది. ధరను పక్కన పెట్టి నెలకు ఇంతే కట్టండి అని ప్రకటనలు చెప్పేది ఇందుకే. వడ్డీ 6 శాతానికి పెరిగితే అదే వాయిదా 46 అవుతుంది. అమెరికాలో 30 ఏళ్ళ గృహరుణాల సగటు వడ్డీ 2021లో 3 శాతం దగ్గర ఉండి, 2023లో ఒక దశలో 7 శాతం దాటింది. అక్కడ ఎక్కువ రుణాలకు వడ్డీ గడువంతా మారదు కాబట్టి పాతవారు తప్పించుకున్నారు, కొత్తగా కొనేవారు మునిగారు. గడువు మధ్యలో కూడా మారుతూ ఉండే ఫ్లోటింగ్ వడ్డీ నడిచే దేశాల్లో పాతవారికీ రక్షణ లేదు. గడువు పొడిగింపు సంగతీ ఇంతే. 9 శాతం వడ్డీకి తీసుకున్న అప్పును 20 ఏళ్ళకు బదులు 30 ఏళ్ళకు సాగదీస్తే నెల వాయిదా పదో వంతు మాత్రమే తగ్గుతుంది. ప్రతి నూరు అప్పుకూ కట్టే మొత్తం వడ్డీ మాత్రం 116 నుంచి 190కి ఎగబాకుతుంది. అందుకే అందుబాటును నెల వాయిదాతో కొలవడం మానుకోవాలని మేము గట్టిగా చెబుతున్నాము. వాయిదా వడ్డీతోపాటు ఊగుతుంది. ధరకూ ఆదాయానికీ ఉన్న నిష్పత్తి అలా దాక్కోలేదు.

నిష్పత్తిని నమ్మేటప్పుడు కూడా హారంలో ఎవరి ఆదాయం కూర్చుందో చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో జాతీయ గణాంక కార్యాలయం ఈ లెక్కను రెండు విధాలుగా ప్రచురిస్తుంది. ఒక ప్రాంతంలో పనిచేసేవారి జీతాలతో ఒకటి, ఆ ప్రాంతంలో నివసించేవారి జీతాలతో మరొకటి. అధిక జీతగాళ్ళు నివాసం ఏర్పరచుకుని రోజూ రైలెక్కి రాజధానికి వెళ్ళే పట్టణంలో రెండో లెక్క అంతా సజావుగా ఉన్నట్టు చూపుతుంది. అక్కడే దుకాణంలోనో బడిలోనో పనిచేసేవారి జీతంతో కొలిచినప్పుడు గానీ నిజం బయటపడదు. మొత్తం మీద ఇంగ్లండ్‌లో ఇంటి ధర 1997లో ఒక పూర్తికాల ఉద్యోగి వార్షిక సంపాదనకు సుమారు 3.5 రెట్లు ఉంటే, 2021 నాటికి 9 రెట్లకు చేరింది. కుటుంబాదాయంతో కొలిస్తే ఈ అంకె తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తున్నారు. కానీ ఒకరి జీతంతో వచ్చిన ఇల్లే ఇద్దరి జీతాలకు కూడా కష్టంగా వస్తున్నదంటే రెండో సంపాదన కుటుంబాన్ని పైకి తేలేదని, భూమి యజమాని చేతికి వెళ్ళిందని ఒప్పుకోక తప్పదు. ఒంటరి తల్లులు, ఒక్కరే సంపాదించే కుటుంబాలు ఈ పోటీలో మొదటే ఓడిపోతాయి.

ధరలు ఆదాయాన్ని వదిలి ఎంత దూరం వెళ్ళాయో పట్టిచ్చే మరో సాక్షి అద్దె. ఎవరూ 20 ఏళ్ళ అప్పు చేసి అద్దె కట్టరు, నెల జీతంలోంచే కట్టాలి, అందుకని అద్దెకు జీతం వేసిన కళ్ళెం ఎప్పుడూ ఉంటుంది. ధరకు ఆ కళ్ళెం లేదు. అది రేపటి ఆశ మీద, బ్యాంకు ఇచ్చే అప్పు మీద పరుగెత్తగలదు. ఒకే వీధిలో ఇంటి అద్దె పదేళ్ళలో జీతాలంత పెరిగి, ధర మాత్రం దానికి రెండింతల వేగంతో పెరిగితే, ఆ అదనపు పెరుగుదల నివాసానికి కట్టిన విలువ కాదు, మళ్ళీ ఎక్కువకు అమ్ముకోవచ్చన్న నమ్మకానికి కట్టిన విలువ. ఆ నమ్మకం సడలిన రోజున ఏమవుతుందో ఐర్లండ్ చూసింది. అక్కడ 2007 తర్వాత ఆరేళ్ళలో ఇళ్ళ ధరలు సుమారు సగానికి కూలాయి. ఆ పతనానికి ముందు ఇళ్ళ కొరత ఏమీ లేదు. నిర్మాణాలు రికార్డు స్థాయిలో సాగుతుండగానే ధరలూ పెరిగాయి. అప్పు ధారాళంగా ప్రవహిస్తుంటే ఎన్ని ఇళ్ళు కట్టినా ధర ఆగదని ఆ అనుభవం చెబుతోంది.

మరి పెరిగేది ఏమిటి? ఇటుక, సిమెంటు, కూలి కాదు. క్నోల్, షులారిక్, స్టెగర్ అనే ఆర్థికవేత్తలు 14 సంపన్న దేశాల్లో 1870 నుంచి ధరలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ళ నిజ ధరల్లో, అంటే ద్రవ్యోల్బణాన్ని మినహాయించిన ధరల్లో, వచ్చిన పెరుగుదలలో 80 శాతం దాకా భూమి విలువ వల్లే వచ్చింది. కట్టడం ఏటికేడు పాతబడి విలువ కోల్పోతుంది. దాని కింది నేల మాత్రం పక్కన పడిన రోడ్డు, వచ్చిన రైలు, తెరిచిన ఆస్పత్రి వల్ల, అంటే ప్రజల డబ్బు వల్ల, విలువ పెంచుకుంటుంది. ఆ పెంపులో ప్రజలకు వాటా లేకుండా పోవడమే మాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది.

కొనేవారి చేతిలో మరింత డబ్బు పెడితే సమస్య తీరుతుందని ప్రభుత్వాలు తరచూ భ్రమపడతాయి. రాయితీ, పన్ను మినహాయింపు, తక్కువ తొలి చెల్లింపుతో రుణం వంటి పథకాలు ప్రకటించడం తేలిక, పేరూ వస్తుంది. ఇంగ్లండ్‌లో 2013లో మొదలై పదేళ్ళు సాగిన హెల్ప్ టు బై పథకం కొత్త ఇంటి ధరలో ఐదో వంతు వరకు, లండన్‌లోనైతే 2016 నుంచి 40 శాతం వరకు, ప్రభుత్వ రుణం ఇచ్చింది. ఆ సాయం ఎక్కువగా అవసరమైన ప్రాంతాల్లోనే ఇచ్చిన రాయితీ విలువను మించి అది ధరలను పెంచిందని బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కమిటీ 2022లో తేల్చింది. ఇళ్ళ సంఖ్య పెరగని చోట కొనుగోలు శక్తిని పెంచడమంటే వేలంపాటలో పాడేవారందరికీ సమానంగా డబ్బు పంచడమే. వస్తువు ఎవరికి దక్కాలో వారికే దక్కుతుంది, పాట మాత్రం పైకి పోతుంది.

దారులు లేకపోలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో తన నివాస భూమిలో సుమారు నాలుగింట మూడొంతుల చోట ఎక్కువ ఇళ్ళు కట్టుకోవడానికి నిబంధనలు సడలించింది. తర్వాతి ఐదేళ్ళలో అనుమతులు రెట్టింపయ్యాయి, అద్దెలు ఆ దేశంలోని ఇతర నగరాలకన్నా నెమ్మదిగా పెరిగాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నా 1923లో ఇళ్ళ మీద ప్రత్యేక పన్ను వేసి, విలాస గృహాల మీద ఎక్కువగా వేసి, ఆ సొమ్ముతో 1934 నాటికి 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. నేటికీ ఆ నగర జనాభాలో దాదాపు సగం నగరపాలక సంస్థ ఇళ్ళలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్ళలోనో ఉంటున్నారు. సింగపూర్ 1960లో గృహనిర్మాణ బోర్డును స్థాపించి, 1966 చట్టంతో భూమి సేకరించి, 99 ఏళ్ళ లీజు మీద ఫ్లాట్లను మార్కెట్ కన్నా తక్కువకు ఇస్తూ వచ్చింది. అక్కడి నివాసుల్లో నాలుగింట మూడొంతుల పైచిలుకు ఆ ఫ్లాట్లలోనే ఉన్నారు. ఈ మూడింటిలో ఏదీ మరో చోటికి యథాతథంగా ఎత్తుకెళ్ళదగినది కాదు. సింగపూర్ తరహాలో భూమిని చవగ్గా తీసుకోవడం ప్రతి ప్రజాస్వామ్యమూ ఒప్పుకునేది కాదు. అయితే మూడూ అప్పు దగ్గర కాక భూమి దగ్గరే మొదలుపెట్టాయి. ఖాళీగా అట్టిపెట్టిన స్థలాల మీద పన్ను, ప్రభుత్వ పెట్టుబడితో పెరిగిన విలువలో వాటా వసూలు, అనుమతుల జాప్యానికి కాలపరిమితి అన్నవి ఏ ప్రభుత్వమైనా రేపే మొదలుపెట్టగలిగినవి.

అవి మొదలుకాకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. ఏ నాయకుడైనా ఒకే వేదిక మీద యువతకు ఇళ్ళను చవక చేస్తామని, ఇప్పటికే ఇల్లున్నవారి ఆస్తి విలువకు ఢోకా రానివ్వమని రెండు హామీలూ ఇస్తాడు. ఇవి రెండూ ఒకేసారి నెరవేరవు. ఇల్లున్నవారు ఎక్కువ ఓట్లు గల చోట మొదటి హామీ మాటగానే మిగులుతుంది. ధరలు ఒక్కసారిగా కూలితే అప్పు తీసుకున్నవారు, బ్యాంకులు, కూలీలు అందరూ దెబ్బతింటారన్నది నిజం, కనుక కూలగొట్టమని మేము అనడం లేదు. ధరలు అక్కడే నిలబడి ఆదాయాలు వాటిని అందుకునేలా చేయడమే తక్కువ నొప్పి కలిగించే మార్గం. కానీ దానికి పట్టే కాలం గురించి పాలకులు ప్రజలకు దాపరికం లేకుండా చెప్పాలి. ఆదాయాలు ఏటా 6 శాతం పెరుగుతూ ధరలు కదలకుండా ఉంటే 8 రెట్ల నిష్పత్తి 4 రెట్లకు దిగడానికి 12 ఏళ్ళు పడుతుంది. ఆదాయం 4 శాతమే పెరిగితే 18 ఏళ్ళు. ఒక ప్రభుత్వం ఆయుష్షు 5 ఏళ్ళు. ఈ నిష్పత్తిని ప్రతి నగరానికీ, అక్కడ పనిచేసేవారి ఆదాయాలతో లెక్కగట్టి ఏటా బడ్జెట్‌తోపాటు చట్టసభ ముందు పెట్టాలన్న నిబంధన ఉంటే, ఏ ప్రభుత్వ హయాంలో అది తగ్గిందో, ఎవరి హయాంలో రాయితీ పథకాల పేరుతో పెరిగిందో ఓటరు స్వయంగా చూసుకుంటాడు.