ఛందస్సు దొరలదని ఎవరన్నారు?

జనవరి 26 దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. ఛందస్సు రాచరికమట, వచన కవితే ప్రజాస్వామ్యమట. గురజాడ ఛందస్సును బద్దలుకొట్టాడట. పద్యం సంస్కృతం నుంచి తెచ్చుకున్నదట, అగ్రకులాల సొత్తట, బడిలో దాన్ని తీసేయాలట. కవిత్వం బాగా చదివినవాళ్లే దీన్ని పంపుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

సంస్కృతం సంగతి: ఆటవెలది, తేటగీతి, సీసం దేశి పద్యాలు, అంటే తెలుగునేల మీద పుట్టినవి. అక్కడితో ఆ మాట సరి.

గురజాడ సంగతి: 1910 నాటి 'దేశభక్తి'లో "మంచి అన్నది పెంచుమన్నా" అన్న పాదాన్ని వేళ్లమీద లెక్కపెట్టండి. పొట్టిగా పలికే అక్షరానికి (లఘువు) ఒక మాత్ర, పొడుగ్గా పలికేదానికి (గురువు) రెండు. మంచి మూడు మాత్రలు, అన్నది నాలుగు, పెంచు మూడు, మన్నా నాలుగు. మొత్తం 14. ఆయన వదిలింది యతిప్రాసల (పాదంలోనూ పాదాల మధ్యా ఫలానా చోట అక్షరాలు కలవాలన్న నియమాల) నిర్బంధాన్ని, గ్రాంథికాన్ని. నడకను వదల్లేదు, కొత్త నడక కట్టాడు.

ఇక అగ్రకులాల సొత్తన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఇది నిజమైతే దళిత కవి జాషువాను ఏం చేస్తారు? 1941లో వచ్చిన 'గబ్బిలం' పద్యకావ్యమే. మేఘుడితో ప్రియురాలికి కబురంపే పాత సందేశకావ్య పద్ధతిని తీసుకుని, గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి చేత, ఆ గుడిలోనే వేలాడే గబ్బిలంతో శివుడికి కబురంపించాడు. ఆ దెబ్బ తగిలింది పద్యం కాబట్టే: మీదనుకుంటున్నది నాదీ అని నిరూపించాడు. సొత్తు మీదేనని ఇప్పుడు మళ్లీ వాళ్లకే రాసిచ్చేస్తారా?

రాచరికమంటారా, నిజాం రాజును ఎదిరించిన కవి దాశరథి నిజామాబాద్ జైలు గోడమీద బొగ్గుతో రాసింది చూడండి. "ఓ నిజాము పిశాచమా కానరాడు." ఓని, జాముపి, శాచమా, కాన, రాడు: ఒక సూర్యగణం (మూడు మాత్రల తునక), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల తునకలు), రెండు సూర్యగణాలు. నిఖార్సైన తేటగీతి. 'ఓని'కి 'కాన'తో ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) కూడా కుదిరింది. రాజును పిశాచమన్న పద్యం రాచరికం ఎలా అవుతుంది?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. చదువే అందనివ్వని చోట ఛందస్సు తాళం వేసిన తలుపే. వచన కవిత లేకపోతే 1980ల తర్వాత స్త్రీవాద, దళిత కవుల్లో ఎంతోమంది గొంతు మనకు వినపడేది కాదేమో. ఆ మేలు చిన్నది కాదు. కానీ తాళం వేసింది మనుషులు, గణాలు కావు.

బడిలో చెడుతున్నది కూడా చెప్పే పద్ధతే. గణాలు గుర్తుంచుకునే సూత్రం యమాతారాజభానసలగంతో మొదలుపెట్టి, గురులఘు గుర్తులు పెట్టించి, మార్కులు వేసి వదిలేస్తున్నారు. పిల్లలకు పద్యం చెవిన పడనే పడదు. ముందు "విశ్వదాభిరామ వినురవేమ"కు చప్పట్లు కొట్టించండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు చప్పట్లు, ఒక్కోదానికి మూడు మాత్రలు. నాలుగోదాని మొదట 'వి' మళ్లీ వచ్చిందని ఎవరో ఒకరు పట్టేస్తారు. దాన్ని యతి అంటారని అప్పుడు చెప్పండి. గుర్తులు ఆ మర్నాడు.