‘ఏం కాదులేన్నా’ గారికి

అయ్యా,

మొన్న ఆదివారం మా ఇంట్లో మీరు మొత్తం పదకొండు సార్లు దర్శనమిచ్చారు. లెక్క నాది కాదు, మా అమ్మది. వసారాలో చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుని, మీరు వినపడినప్పుడల్లా ఒక కాయ తీసి పక్కన పెట్టింది. చీకటి పడేసరికి చాట పక్కన పదకొండు కాయలు, వాకిట్లో సగం పైకి లేచి సగం ఇరుక్కుపోయిన అంబాసిడర్ ఇంజిన్, నా రెండు అరచేతుల్లో తాడు కాల్చిన వాతలు మిగిలాయి.

అనంతపురంలో మీకు ఇల్లు, వాకిలి అంటూ ఏమీ లేదు. ఏ షెడ్డుకు పోయినా మీరే, ఏ కరెంటు స్తంభం కింద నిలబడ్డా మీరే. అందుకే చిరునామా లేకుండా రాస్తున్నాను.

బండి సంగతి మీకు తెలుసు. మా నాన్న 1986లో కొన్న అంబాసిడర్ మార్క్ 4. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే తయారీ ఆపేశారు కాబట్టి, ఇది పోతే షోరూముకు పోయి ఇంకోటి తెచ్చుకునే వీలు లేదు. 1489 సీసీ ఇంజిన్, పెట్రోలుతో పాటు ఆయిలూ తాగి వీధంతా నీలం పొగ వదులుతోంది. దించాలి, బోరు చేయించాలి, అంటే అరిగిన సిలిండర్లను లోపల మళ్ళీ కోయించాలి, పిస్టన్లు, రింగులు మార్చాలి. ఇందులో మీతో పని ఏముంది చెప్పండి? కానీ పిలవని పేరంటానికి వచ్చారు.

మెకానిక్ చైన్ బ్లాక్, అదే బరువులెత్తే గొలుసు కప్పీ, తెస్తానన్నాడు. బుధవారం అన్నాడు, శుక్రవారం అన్నాడు, శనివారం రాత్రి ఫోన్ చేస్తే "పొద్దున్నే నీ గేటు ముందర ఉంటాదన్నా" అన్నాడు. పొద్దున గేటు ముందర ఉన్నది బోరు మోటార్లు బయటికి లాగేవాళ్ళ మూడు కాళ్ళ స్టాండు, ఒక కప్పీ, ఒక చుట్ట నైలాన్ తాడు. "ఇంజిన్‌కు బోరు చేయించాలంటే బోరు స్టాండేనా అప్పా?" అని నేను నవ్వాను. ఆ నవ్వడమే తప్పు. మీరు మొదటిసారి లోపలికి వచ్చింది ఆ నవ్వు సందులోంచే.

చిన్నా చితకా వాటికి నేను గొడవ పెట్టుకోను. బ్యాటరీ వైరు తీయకుండానే స్టార్టర్ నట్టు మీద స్పానర్ పెడితే నిప్పురవ్వలు ఎగిరాయి, మీరన్నారు ఏం కాదని. పాత ఆయిల్ అమ్మ మల్లెచెట్టు పాదులోకి పోయింది, ఏం కాదన్నారు. ఏ వైరు ఎక్కడిదో ఒక ముక్క ప్లాస్టర్ అంటించి రాసుకోమంటే "అంతా తలకాయలో ఉందిలేన్నా" అన్నది కూడా, వేషం మార్చుకున్న మీరేనని నా అనుమానం. ఈ బండి బోల్టులు ఇంచీల లెక్కవి, అరించి తల ఉన్న బోల్టుకు 13 నంబరు, అంటే 13 మిల్లీమీటర్ల స్పానర్ వేస్తే వదులుగా ఉండి మూలలు అరిగిపోతాయని చెప్పాను. విన్నారా? సరే, అదీ పోనీ. ఆ 13 నంబరు దగ్గరికి మళ్ళీ వస్తాను, దానికి నేను దండం పెట్టాల్సిన పని పడింది.

నా బాధంతా తాడు గురించి. చైన్ బ్లాక్ అయితే చెయ్యి వదిలినా బరువు ఎక్కడిదక్కడే నిలబడుతుంది, లోపల బ్రేకు ఉంటుంది, దాని పనే అది. ఒక్కడు నింపాదిగా గొలుసు లాగుతూ, వేలెడు ఎత్తి చూసుకుని, మళ్ళీ వేలెడు ఎత్తుకోవచ్చు. తాడూ కప్పీలో ఆ బ్రేకు ఎవరు? నేను, మెకానిక్, పక్కింటి రిటైరైన పెద్దాయన. గేర్‌బాక్స్ లేకుండానే క్వింటాల్ దాటే పోత ఇనుముకు ముగ్గురి చెమట చేతులే బ్రేకు. అందులోనూ నైలాన్ సాగుతుంది. ఇంజిన్ కొంచెం లేచి, కిందికి జారి, ఉయ్యాల్లో బిడ్డలా ఊగుతుంటే పెద్దాయన "జో కొట్టాలా?" అని అడిగాడు.

పైగా బోరులో మోటారు నిట్టనిలువుగా పైకి వస్తుంది, స్టాండు కాళ్ళు మట్టిలో దిగబడి ఉంటాయి. కారులో ఇంజిన్ అలా రాదు. ముందు గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి దాని బరువు ఆపుకోవాలి, తర్వాత ఇంజిన్‌ను తిన్నగా ముందుకు లాగి క్లచ్ ప్లేటులోంచి గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను తప్పించాలి, ఆ తర్వాత ముక్కు పైకెత్తి వంచుకుంటూ తీయాలి. అది పైకి వచ్చాక కారునే వెనక్కి తోయాలి. మా వాకిలేమో నున్నటి సిమెంటు. స్టాండు మూడు కాళ్ళూ జారిపోకుండా కింద ఒకదానికొకటి గొలుసుతో కట్టమన్నాను. కట్టలేదు. ఎందుకు కట్టలేదో మీకు తెలుసు, అది ఎనిమిదో చెనక్కాయ.

లాగాం. ఇంజిన్‌తో పాటు బండి ముందు భాగమంతా లేస్తోంది. అంటే ఎక్కడో ఏదో ఊడలేదు. ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే బెల్ హౌసింగ్ అడుగున ఒక బోల్టు ఉండిపోయింది. అలాంటప్పుడు బరువు కిందికి దించి, ఆ బోల్టు తీసి, మళ్ళీ లాగడం పద్ధతి. మెకానిక్ దగ్గర పనిచేసే పిల్లోడు, ఇంకా మీసం కూడా సరిగా రానివాడు, స్పానర్ పట్టుకుని వేలాడుతున్న ఇంజిన్ కిందికి దూరాడు. "ఒరే, బయటికి రా!" అని అరిచాను. వాడు కిందనుంచే మిమ్మల్ని పలికాడు, పాపం, మేస్త్రి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం కదా.

వాడి చేతిలో ఉన్నది ఆ 13 నంబరు. బోల్టు మీద జారింది. మళ్ళీ జారింది. "ఇది పట్టడంలేదన్నా, రోంత ఆ అరించి స్పానర్ ఇయ్యి" అంటూ బయటికి పాకి వచ్చాడు, మోకాళ్ళ మీద లేచాడు, స్టాండు వెనక కాలు బర్రున జారింది. తాడు మా చేతుల్లోంచి పొగలు కక్కుతూ పోయింది. ఇంజిన్ అడుగునుండే ఆయిల్ చాంబర్ వచ్చి, బండి ముందు అడ్డంగా ఉండే ఇనుప మెంబర్ మీద దబ్బున కూర్చుని సొట్టపోయింది. వాడు పడుకున్న చోటికీ ఆ ఇనుముకూ మధ్య మిగిలింది జానెడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వచ్చావు నువ్వు, కొత్త చొక్కా వేసుకుని: "చూసినావా అన్నా, ఏం కాలేదు కదా."

నీకు సిగ్గుందా? ఏం కాకపోవడం నీ గొప్పా? వాడు బతికింది స్పానర్ జారింది కాబట్టి, పనికిరాని పనిముట్టు పనికిరాకుండా పోయింది కాబట్టి! దాన్ని కూడా నీ ఖాతాలో రాసుకుంటావా? నీ పేరు చెప్పుకుని వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఏ లేతు షెడ్డుకు పోయినా కనిపిస్తారు. వాళ్ళ ఇళ్ళకు పోయి చెప్పు చూద్దాం ఏం కాదని. చైన్ బ్లాక్‌కు రోజుకు 500 అద్దె మిగులుతుందని ఒక పిల్లోణ్ణి పణంగా పెట్టించావు కదరా!

క్షమించండి. రా అన్నాను. మా నాన్న ఉంటే ఊరుకునేవాడు కాదు, ఆయనకు మీరంటే ప్రాణం.

నా చిన్నప్పుడు ఒకసారి తాడిపత్రి నుంచి వస్తుంటే ఇదే బండి ముచ్చుకోట కొండల దగ్గర రేడియేటర్ మరిగి ఆగిపోయింది. చీకటి, వెనక సీట్లో నలుగురు పిల్లలం, చెల్లెలు ఏడుపు. నాన్న మూత తీయలేదు. తీస్తే మొహం ఉడికిపోతుందని ఆయనకు తెలుసు. బానెట్ ఎత్తి పెట్టి, రాయి మీద కూర్చుని, "ఏం కాదులేరా, చల్లారితే పోదాం" అన్నాడు. మేం నిద్రపోయాం. ఆ రాత్రి మిమ్మల్ని దుప్పటిలా కప్పుకున్నాం, అది నేను మరిచిపోలేదు. కానీ నాన్న మిమ్మల్ని పిలిచింది చేయాల్సినవి చేశాక. వీళ్ళు చేయకముందే పిలుస్తున్నారు.

ప్రస్తుతం ఇంజిన్ కింద రెండు దుంగలు, ఒక పాత టైరు దూర్చి పెట్టాం. వచ్చే ఆదివారం మళ్ళీ పని. పక్కింటి పెద్దాయన వేపచెట్టు కొమ్మకు కడదామంటున్నాడు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును వాకిట్లోకి తెచ్చిపెట్టినా కొమ్మకు మాత్రం కట్టనని చెప్పాను. టన్ను చైన్ బ్లాక్ వస్తేనే, కాళ్ళు కింద గొలుసుతో బిగిస్తేనే, ఇంజిన్‌కు తాడు కాకుండా గొలుసు వేస్తేనే గేటు తీస్తాను. అది గాల్లో ఉన్నంతసేపు కింద పిల్లి కూడా ఉండకూడదు, కారును వెనక్కి తోయగానే నేలకు దించాలి, దాన్ని వేలాడదీసి టీకి పోతే మళ్ళీ లోపలికి రానివ్వను. అన్నిటికీ మెకానిక్ తల ఊపాడు. మీరు మాత్రం గేటు బయటే ఉండాలి, దయచేసి.

ఇది రాస్తుండగానే మెకానిక్ ఫోన్. చేతులకు మందు పూసుకుని ఉన్నానని స్పీకర్‌లో పెట్టాను.

"చైన్ బ్లాక్ దొరికిందన్నా! టన్నుదే. కొక్కేనికి లాక్ పట్టీ ఒకటి ఊడిపోయింది, అంతే..."

వసారాలో అమ్మ అప్పటికే చాటలోంచి ఒక కాయ తీసింది.

ఇట్లు,
చేతులు కాలినవాడు