జపనీస్ అమెరికన్ల క్యాంపులు: “తప్పేం లేదు” అనే వాదన ఎందుకు తప్పు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన దేశంలోని జపాన్ సంతతి వాళ్ళను క్యాంపుల్లో పెట్టిన సంగతి ఎప్పుడు ప్రస్తావనకు వచ్చినా ఒకే రకం సమర్థన తిరుగుతుంది. వాళ్ళలో గూఢచారులున్నారట, వాళ్ళు పరాయి దేశస్థులట, జనం కొట్టకుండా కాపాడటానికే పెట్టారట, బాగానే చూసుకున్నారట, సుప్రీంకోర్టు కూడా సరేనందట. ఒక్కొక్కటే చూద్దాం.

“గూఢచారులున్నారు.” 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో అమెరికా పడమటి తీరం నుంచి దాదాపు 1,20,000 మందిని క్యాంపులకు తరలించారు. అనాథాశ్రమాల్లోని పసిపిల్లల్ని కూడా వదల్లేదు. పడమటి తీరంలో వీళ్ళెవరూ గూఢచర్యం గానీ విధ్వంసం గానీ చేసినట్టు ఒక్క ఆధారమూ లేదని అమెరికన్ కాంగ్రెస్ వేసిన కమిషనే తర్వాత తేల్చింది. అసలు జపాన్ బాంబులు పడిన హవాయి ద్వీపాల్లో ఏం జరిగిందో చూడండి. అక్కడ జపాన్ సంతతి వాళ్ళు లక్షన్నర మందికి పైనే, జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ. భయమే కారణమైతే ముందు అక్కడ పట్టుకోవాలి. పట్టుకున్నది 2,000 మంది లోపే. అందర్నీ తీసుకుపోతే ద్వీపాల్లో పనులు ఆగిపోతాయి కాబట్టి! పడమటి తీరంలో మాత్రం, వీళ్ళు వెళ్ళిపోతే చాలని వీళ్ళతో పోటీపడే తెల్ల రైతులు ఎప్పటినుంచో కోరుకుంటున్నారు.

“పరాయి దేశస్థులు.” మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులు, అక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులకు పౌరసత్వం దక్కకుండా 1952 దాకా అడ్డుపడింది ఆ దేశపు చట్టమే.

“రక్షణ కోసం.” అలాగైతే కాపలా తుపాకులు బయటివైపు ఉండాలి కదా. 1943 ఏప్రిల్‌లో యూటాలోని టోపాజ్ క్యాంపులో 63 ఏళ్ల జేమ్స్ వకాసా కంచె దగ్గర నడుస్తుంటే కాపలా సైనికుడు కాల్చి చంపాడు.

“బాగా చూసుకున్నారు.” శాంటా అనీటా రేసుకోర్సులో కుటుంబాలను గుర్రాల కొట్టాల్లో ఉంచారు. ఇంతకన్నా ఏం చెప్పాలి.

“సుప్రీంకోర్టు ఒప్పుకుంది.” ఒప్పుకుంది, 1944లో, తరలింపు ఉత్తర్వును పాటించనందుకు శిక్షపడిన ఫ్రెడ్ కొరెమాట్సు కేసులో, ముగ్గురు జడ్జీలు కాదన్నా సరే. అయితే తీరం నుంచి శత్రు నౌకలకు సిగ్నల్స్ వెళ్తున్నాయన్న సైన్యం ఆరోపణ నిజం కాదని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చెప్పింది. ఆ సంగతి ప్రభుత్వ లాయర్లు కోర్టు ముందు పెట్టలేదు. దాచిన కాగితాలు దొరికాక, 1983లో ఫెడరల్ జడ్జి మేరిలిన్ హాల్ పటేల్ కొరెమాట్సుకు పడిన శిక్షను కొట్టేశారు. అప్పటికి ఆయన నలభై ఏళ్లుగా నేరస్థుడన్న ముద్రతో బతుకుతున్నారు.