చక్రం జారితే తాడు లాగండి

ఎలక్ట్రిక్ ట్రాముల నెత్తిన, కరెంటు తీగకు ఆనుకుని తిరిగే ఆ చిన్న కంచు చక్రం విషయంలో చేయాల్సింది ఇంకా చాలా ఉందని నా గట్టి అభిప్రాయం. చక్రం సంగతి కూడా కాదు, దాన్ని పట్టి ఉంచే బిగింపు సంగతి. ట్రాములే లేవు కదా, ఉన్న ఊళ్ళలో కూడా చాలాచోట్ల పాంటోగ్రాఫులు (చక్రం బదులు వెడల్పాటి కమ్మీని తీగకి ఆనించే చట్రాలు) వచ్చేశాయి కదా అని మీరనొచ్చు. నాకూ తెలుసు. కానీ వాడకంలో లేని వస్తువుని మెరుగుపరచడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు, పనిచేయట్లేదని ఎవడూ వచ్చి తలుపు కొట్టడు.

ముందు ఆ యంత్రం ఏమిటో చెప్పాలి. ట్రాము పైకప్పు మీద స్ప్రింగులు బిగించిన పీఠం ఒకటి ఉంటుంది, దాన్నుంచి వెనక్కి వాలుగా పైకి లేచే పొడుగాటి పోల్, పోల్ కొసన రెండు చెవుల్లాంటి పట్టు (దీన్ని హార్ప్ అనేవాళ్ళు), ఆ చెవుల మధ్య గాడి తీసిన చక్రం, అదే ట్రాలీ చక్రం. స్ప్రింగులు పోల్‌ని పైకి తోస్తుంటే చక్రం తీగని కింది నుంచి నొక్కుతూ దొర్లుతుంది. 500, 600 వోల్టుల డీసీ కరెంటు తీగలోంచి చక్రానికి, చక్రంలోంచి కిందికి మోటార్లకి, అక్కణ్ణించి పట్టాల మీదుగా తిరిగి పవర్ హౌస్‌కి. అంటే టన్నుల బరువున్న బండీ, అందులో ఆఫీసుకి లేటవుతోందని టెన్షన్ పడుతున్న జనమూ, దీపాలూ, అంతా వేలెడు లోతు కూడా లేని ఆ గాడిలో తీగ నిలిచి ఉన్నంతసేపే.

చక్రాన్ని దగ్గర నుంచి చూస్తే పాపం అనిపిస్తుంది. సుమారు 4 అంగుళాల అడ్డకొలత. బండి గంటకి 30 మైళ్ళ వేగంతో పోతే అది నిమిషానికి 2,500 సార్లు తిరగాలి. మధ్యలో ఇరుసు, ఇరుసు చుట్టూ బుష్ (ఇరుసుకి తొడిగే లోహపు గొట్టం), ఆ బుష్‌లో గ్రాఫైట్ కూరి ఉంటుంది, ఎందుకంటే అంత ఎత్తున ఎవరెక్కి రోజూ నూనె పోస్తారు? బండికి కావాల్సిన కరెంటంతా ఆ ఇరుసు గుండా పోతే బుష్ కాలిపోతుంది కాబట్టి, చక్రం రెండు పక్కలా పల్చటి రాగి స్ప్రింగుల్ని ఆనించి కరెంటుని అటు మళ్ళించేవాళ్ళు. ఆ స్ప్రింగు గట్టిగా ఉంటే చక్రం సరిగ్గా తిరగదు. వదులుగా ఉంటే నిప్పురవ్వలు. చక్రం తిరక్కపోతే తీగకి రాసుకుని ఒకవైపే అరుగుతుంది, అరిగిన చక్రం ఎగురుతుంది, ఎగిరినప్పుడల్లా రవ్వ, రవ్వ పడ్డచోటల్లా తీగ మీద గుంట, గుంట వల్ల ఇంకో ఎగురు. ఇంత చక్కగా ఒకదాన్నొకటి పాడుచేసుకునే భాగాలు ఉమ్మడి కుటుంబాల్లో తప్ప ఎక్కడా కనిపించవు.

దీనికి ముందున్నది ఇంకా ఘోరం. మొదట్లో తీగల పైన చిన్న బండిలాంటిది పెట్టి, దాన్ని ఓ కేబుల్‌తో ట్రాముకి కట్టి లాక్కుపోయేవాళ్ళు. అది అప్పుడప్పుడూ పట్టుతప్పి పైకప్పు మీద పడేది. కింద కూర్చున్న ప్రయాణికుడికి విద్యుత్ యుగం వచ్చిందన్న కబురు ఆ విధంగా చేరేది. తీగ పైన కాకుండా కింద నుంచి నొక్కుదాం అన్న ఆలోచనకి పేరు తెచ్చుకున్నవాడు చార్లెస్ వాన్ డెపోల్, బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. 1885లో టొరంటో ప్రదర్శనలో నడిపి చూపించాడు.

దాన్ని ఊరంతా నడిచే వ్యవస్థగా నిలబెట్టింది ఫ్రాంక్ స్ప్రేగ్. అమెరికా నౌకాదళంలో పనిచేసి, కొన్నాళ్ళు ఎడిసన్ దగ్గర ఉండి, తర్వాత సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1887లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ ఊరికి ఆయన ఒప్పుకున్న కాంట్రాక్టు చూస్తే మన దగ్గర టెండర్లు వేసేవాళ్ళు కూడా లేచి దణ్ణం పెడతారు. 12 మైళ్ళ లైను, 40 ట్రాములు, 80 మోటార్లు, ఒక పవర్ హౌస్, అన్నీ 90 రోజుల్లో. లక్షా పదివేల డాలర్లు, అది కూడా పని తృప్తిగా ఉంటేనే. సంతకం అయ్యాక మనిషికి టైఫాయిడ్ వచ్చింది. లేచి వచ్చి చూస్తే పట్టాలు అధ్వాన్నంగా వేసి ఉన్నాయి, కొన్నిచోట్ల వంద అడుగులు పోతే పదడుగులు పైకెక్కే ఎత్తు. ఓ రాత్రి ట్రయల్ వేస్తుంటే జనం గుమిగూడిన చోటే మోటారు మొరాయించింది. స్ప్రేగ్ ఏమాత్రం తొణక్కుండా, రిపేరుకి పరికరాలు పట్టుకురమ్మని తన మనిషికి అందరికీ వినిపించేలా చెప్పి, దీపాలార్పి బండిలోనే నడుం వాల్చాడు. జనం విసుగెత్తి వెళ్ళిపోయాక వచ్చిన పరికరాలు నాలుగు కంచర గాడిదలు. ఈ కథ తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నా దృష్టిలో విద్యుత్ రవాణా చరిత్రలో ఇంతకన్నా నిజాయితీ గల సాంకేతిక వివరణ లేదు.

1888 ఫిబ్రవరిలో రిచ్‌మండ్ ట్రాములు జనాన్ని ఎక్కించుకున్నాయి. స్ప్రేగ్‌కి డబ్బు నష్టం, పేరు లాభం. రెండేళ్ళలో ఆయన సామాను వాడే లైన్లు వందకి పైగా మొదలయ్యాయి, లేదా కాగితం మీదకి ఎక్కాయి. అక్కణ్ణించి అసలు పండగ. ప్రతి ఊళ్ళోనూ వందల పోల్స్, ప్రతి పోల్ కొసనా ఓ చక్రం, ప్రతి చక్రమూ మలుపు దగ్గర, రెండు లైన్లు కలిసే చోట, తీగ అతుకు దగ్గర, మంచు కురిసినప్పుడు, లేదా ఊరికే బుద్ధి పుట్టినప్పుడు తీగని వదిలేసేది. వదిలేస్తే పోల్ కిందికి పడదు. స్ప్రింగులు కదా, పైకి లేస్తుంది. లేచి తీగల్ని మోసే అడ్డతీగల్ని ఫట్‌మని కొడుతుంది. లోపల దీపాలు పోతాయి, బండి నెమ్మదించి ఆగుతుంది, వెనకాల కండక్టర్ దిగి, పోల్‌కి వేలాడే తాడు పట్టుకుని, చీకట్లో తలెత్తి, 18 అడుగుల పైనున్న వేలెడు తీగకి అంగుళం గాడిని గురిచూసి తగిలించాలి. వాన పడుతుంటే తాడూ తడిసి ఉంటుంది, ఆయనా తడిసి ఉంటాడు.

ఇక్కడే మేధావులు రంగంలోకి దిగారు. అమెరికా పేటెంట్ ఆఫీసులో ట్రాలీ చక్రాలకి, వాటి హార్పులకి, పీఠాలకి వచ్చిన పేటెంట్లు తిరగేస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు, నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా. చక్రం పక్కకి జారుతోంది కాబట్టి దాని రెండు పక్కలా పైకి కొమ్ములు పెడదామన్నారు. బాగుంది, తీగ కొమ్ముల మధ్య బందీ. కానీ తీగని అక్కడక్కడా పట్టి ఉంచే కొక్కేలుంటాయి, అడ్డతీగలుంటాయి, కొమ్ములు వెళ్ళి వాటిలో చిక్కుకుంటే చక్రం జారదు నిజమే, పైనున్న సరంజామా మొత్తం ఊడి రోడ్డు మీద పడుతుంది. సరే, అడ్డొచ్చినప్పుడు ముడుచుకునే కొమ్ములు పెడదాం. ముడుచుకున్న కొమ్ములు మళ్ళీ తెరుచుకోడానికి ఇంకో స్ప్రింగు. ఆ స్ప్రింగు తుప్పు పడితే? దానికింకో పేటెంటు.

బ్రిటన్‌లో తీగ పట్టాలకి సరిగ్గా నెత్తిన లేకుండా పక్కకి ఉండే లైన్లు చాలా ఉండేవి, అందుకని హార్ప్ తనంతట తాను అటూ ఇటూ తిరిగేలా చేశారు. అది ఉపయోగమే, ఒప్పుకుంటాను. అయితే తిరిగే స్వేచ్ఛ ఇచ్చాక అవసరమైనప్పుడే తిరుగు అని దానికి చెప్పేదెవరు?

నాకు అన్నిటికన్నా నచ్చింది క్యాచర్. చక్రాన్ని జారకుండా ఆపడం మనవల్ల కాదని ఈ పరికరం గౌరవంగా ఒప్పేసుకుంటుంది. బండి వెనక ఓ గుండ్రటి డబ్బా, పోల్ తాడు అందులో చుట్టుకుని ఉంటుంది. మామూలుగా పోల్ పైకీ కిందికీ ఊగితే తాడు నెమ్మదిగా వస్తూ పోతూ ఉంటుంది. పోల్ ఒక్కసారిగా ఎగిరితే డబ్బా తాడుని బిగబట్టేస్తుంది. దానికి పెద్దన్న రిట్రీవర్, బిగబట్టడమే కాకుండా లోపలి గట్టి స్ప్రింగుతో పోల్‌ని కిందికి గుంజేస్తుంది కూడా. అంటే పోల్‌ని పైకి తోయడానికి పైన స్ప్రింగులు, అవి తోసినందుకు శిక్షగా కిందికి గుంజడానికి ఇంకో స్ప్రింగు. రెండు శాఖలకీ చెరో బడ్జెట్టు. పరిపాలనలో ఇంతకన్నా పరిణతి ఏం కావాలి?

ఈలోపు జర్మనీలో సీమెన్స్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ రైకెల్ అనే ఆయన 1889 ప్రాంతంలో చాలా అమర్యాదకరమైన పని చేశాడు. చక్రమూ వద్దు, గాడీ వద్దు, ఓ వెడల్పాటి కమ్మీని విల్లులా వంచి తీగకి అడ్డంగా ఆనించాడు. తీగ కమ్మీ మీద కుడికి జరిగితే కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి. జారిపోడానికి అక్కడ గాడే లేదు! మలుపుల దగ్గర గురి చూడక్కర్లేదు. యూరప్‌లో చాలా ఊళ్ళు దాన్నే తీసుకున్నాయి. దాని మనవడే ఇవాళ మన రైలింజన్ల మీద, హైదరాబాద్ మెట్రో మీద 25,000 వోల్టుల తీగని రాసుకుంటూ పోయే పాంటోగ్రాఫ్. సమస్యని ఇలా మొదలంటా తీసేస్తే దాన్ని నమ్ముకుని బతికే వాళ్ళంతా ఏమైపోవాలి? అమెరికా మాత్రం సంయమనం పాటించింది. పోల్‌ని వదల్లేదు, చక్రాన్ని మాత్రం తీసి దాని స్థానంలో కార్బన్ పొదిగిన, గాడి ఉన్న చెప్పు లాంటిది పెట్టింది, అది దొర్లదు, రాసుకుంటుంది. కెనడాలోని టొరంటోలో 2010ల్లో కూడా పోల్స్ పెట్టుకుని ట్రాములు తిరిగాయి. ఓపిక అంటే అదీ.

తీగలే వద్దన్న ఊళ్ళు కూడా ఉన్నాయి. మాన్‌హటన్, వాషింగ్టన్ ఆకాశం పాడవుతుందని తీగని భూమిలో సన్నటి గాడి తవ్వి దాచమన్నాయి. మన మద్రాసులో 1895లో ఎలక్ట్రిక్ ట్రాము మొదలైనప్పుడు పద్ధతి అదే, నేలలో గాడి, గాడిలో కరెంటు. మద్రాసు వానలు చూసినవాళ్ళకి తర్వాతేమైందో చెప్పనక్కర్లేదు, తీగలు పైకెక్కాయి, పోల్స్ వచ్చాయి. ఆ ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. మద్రాసు మనదే అని మనవాళ్ళు గొంతు చించుకుని, చివరికి అది లేకుండానే ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నది అదే ఏడాది అక్టోబర్ 1న. ఆస్తుల పంపకంలో ట్రాలీ చక్రాలు ఎన్ని ఎవరికి రావాలన్న పేచీ ఆరు నెలల తేడాతో తప్పిపోయింది, లేకపోతే ఈపాటికి దాని మీద ఓ కమిటీ ఇంకా నడుస్తూ ఉండేది.

ఇంతకీ నా పరిశోధనలో తేలింది ఒక్కటే. పేటెంట్ బొమ్మల్లో ప్రతి భాగానికీ ఓ అక్షరమో అంకో ఉంటుంది. పోల్‌కి ఒకటి, హార్ప్‌కి ఒకటి, ఇరుసుకి, బుష్‌కి, మరలకి కూడా. కొన్ని బొమ్మల్లో తాడుకీ ఉంటుంది. ఆ తాడు కిందికి దిగి కాగితం అంచు దగ్గర ఆగిపోతుంది. రెండో కొస ఎవరి చేతిలో ఉందో బొమ్మ వేసినవాడికి అనవసరం. చక్రాన్ని తీగ మీద రోజంతా నిలబెట్టిన బిగింపు ఏదైనా ఉందంటే అది ఆ చెయ్యే. చివరి స్టాపులో బండి వెనక్కి తిరిగి పోవాలంటే కండక్టరే దిగి, తాడు పట్టుకుని ట్రాము చుట్టూ సగం ప్రదక్షిణ చేసి పోల్‌ని అటు తిప్పాలి. తిప్పకుండా బండిని నడిపితే పోల్ దేనికో తగులుకుని తీగల్ని పెరికేస్తుంది. ఆకతాయి పిల్లలు వెనకనుంచి తాడు లాగి చక్రం జార్చేసి పారిపోతే తగిలించేదీ ఆయనే, ప్రయాణికుల తిట్లు తినేదీ ఆయనే. టికెట్లు కొట్టడం వేరే.

ఇది పాత కథ అనుకుంటున్నారా? హైవే మీద టోల్ గేటుకి వెళ్ళండి. ఫాస్టాగ్, పైన స్కానరు, తనంతట తానే లేచే గేటు, అంతా ఆటోమేటిక్. బండి ఆగుతుంది, గేటు లేవదు, అప్పుడు ఎండలో తలకి తువ్వాలు చుట్టుకున్న ఓ కుర్రాడు చేతి మిషన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చి అద్దం మీద పెట్టి, "కొంచెం వెనక్కెళ్ళి రండి సార్" అంటాడు. ఆ వ్యవస్థ గురించి వచ్చే ప్రెజెంటేషన్లలో ఆ కుర్రాడి బొమ్మ నాకెక్కడా కనపడలేదు.

అందుచేత నా ప్రతిపాదన సిద్ధం చేశాను. కొత్త హార్ప్‌కి రెండు వైపులా ముడిచే కొమ్ములు, అటూ ఇటూ తిరిగే తల, గ్రాఫైట్ బుష్, పక్క స్ప్రింగులు రెండు కాక నాలుగు, కింద క్యాచరూ రిట్రీవరూ రెండూ, ఒకటి ఫెయిలైతే ఇంకొకటి. చక్రం ఎన్నిసార్లు జారిందో లెక్కపెట్టే డాష్‌బోర్డు ఒకటి, దానికో మొబైల్ యాప్. ట్రాము ఏ ఊళ్ళో అన్న చోట ఖాళీ వదిలాను, అది రెండో దశలో చూసుకుంటారు. తాడు పట్టుకునే పోస్టుకి మాత్రం, ఆర్థిక శాఖ నుంచి అభ్యంతరం రాకుండా, ఔట్‌సోర్సింగ్ అని రాశాను.