ట్రంకురోడ్డులో కొన్న చక్రాల పెట్టెగారికి

మహారాజశ్రీ చక్రాల పెట్టెగారి సముఖానికి,

నెల్లూరు నుంచి మీ మోతగాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు అటక మీద కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా భుజం కూడా ఇప్పుడు కాస్త నయం.

మన పరిచయం గుర్తుందా? మా అబ్బాయి పుణెలో కొత్త కాపురం పెట్టాడు. "చవక టికెట్టు దొరికింది నాన్నా, చెన్నై నుంచి విమానంలో వచ్చేయండి, చేతిసామాను మాత్రమే తెచ్చుకోండి" అన్నాడు. అంటే ఏడు కిలోలు. ఆ ఏడు కిలోలకు తగిన పెట్టె కోసం ట్రంకురోడ్డుకు వెళ్లాను. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్దదారి కనుక దానికి ఆ పేరు వచ్చిందని తెలియక కాదు. తెలిసినా, పెట్టెలకు అంతకన్నా శుభప్రదమైన వీధి తోచలేదు.

దుకాణంలో మీరు ముదురు నీలం రంగు గట్టి డొప్పతో, నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నారు. కుర్రవాడు ఒక్క వేలితో నెడితే గ్రానైటు గచ్చు మీద కూచిపూడి ఆడారు. మా వీధిలో గ్రానైటు లేదన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. "ఇరవై అంగుళాలు సార్, కేబిన్ సైజే" అన్నాడు. ఇరవై అంగుళాలంటే 51 సెంటీమీటర్ల లోపే కదా అని సంబరపడ్డాను. ఇంటికి వచ్చి మా ఆవిడ కుట్టుమిషను టేపుతో కొలిస్తే 56. దుకాణం వారు మీ ఒళ్లు కొలిచి కాళ్లు వదిలేశారు. విమానాల వారు చక్రాలూ పిడీ కలిపే కొలుస్తారు: మన దేశంలో చాలా సంస్థలకు 55, 35, 25 సెంటీమీటర్లు హద్దు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లవాడి ఎత్తు మోకాళ్ల పైనుంచి చెప్పరు పెట్టెగారూ!

అసలు గుట్టు రట్టు చేసింది మాత్రం పాత సామాన్లు కొనే అతను. ఆ పూట మా గుమ్మం ముందుకు వచ్చాడు. అతని కాటా కొక్కేనికి మిమ్మల్ని తగిలించమన్నాను. ఖాళీ పెట్టె, 2 కిలోల 800 గ్రాములు. "అమ్మేదా సార్?" అన్నాడు ఆశగా. అతని కాటా నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా మా ఇంటి పేపర్లు దాని మీద చిక్కిపోతూనే ఉన్నాయి. ఆ కాటాయే అంత చూపిస్తే మీ అసలు బరువు ఎంతో అప్పుడే ఊహించాల్సింది. కానీ మనకు అనుకూలంగా ఉన్న అబద్ధాన్ని ఎవరు అనుమానిస్తారు? ఏడులోంచి తీసివేసి, మిగిలిన 4 కిలోల 200 గ్రాములలో సంసారం సర్దాం.

సర్దడమంటే వదిలేయడమే. మొలగొలుకుల బియ్యం మూట తొలి విడతలోనే పోయింది. ఊరగాయల్లో మిరపకాయ ఊరగాయ చేతిసామానులో కూడదని భద్రతా నియమం ఒకటి ఉంది. మా ఇళ్లలో మిరప లేని ఊరగాయ ఏదో ఆ నియమం రాసినవారే చూపించాలి. ఆవకాయ జాడీని మా ఆవిడ మౌనంగా తీసుకెళ్లి మళ్లీ వంటింట్లో పెట్టింది. కోడలికి కొన్న వెంకటగిరి చీర మాత్రం ఏ పేచీ లేకుండా ఒదిగిపోయింది. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరిని తిరుపతి వైపు వేశారు. చీరను మేము ఇంకా ఇవ్వలేదు.) ఉదయగిరి చెక్క గరిటెలు రెండు సందులో దూరాయి. తేలికగా ఉండటం ఎలాగో మా ప్రాంతపు వస్తువులను చూసి మీరు నేర్చుకోవచ్చు.

మాకు దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చేలోగా చెన్నై దాకా రైలే గతి. రైల్వేవారు రెండో తరగతి టికెట్టుకు 35 కిలోలు ఉచితంగా ఇస్తారు, పైగా తూచేవారు కనిపించరు. నెల్లూరు స్టేషను మెట్ల మీద నాలుగు చక్రాలున్న మీరు నా భుజమెక్కారు. రైల్లో ఎదుటి సీటాయన గుడ్డసంచి కాళ్ల కింద పడేసి నిద్రపోయాడు. నేను మీకు గీత పడకుండా కాపలా కాశాను.

చెన్నైలో కొలత చట్రం నుంచి మీ చక్రాలు కాస్త బయటికి మిగిలినా అక్కడి అమ్మాయి చూసీ చూడనట్టు వదిలింది. తూకం దగ్గర ఆ కనికరం లేదు. 7 కిలోల 600. పాత సామాన్ల అతని న్యాయం 600 గ్రాములన్నమాట. రుసుము కట్టండి, లేదా తగ్గించండి అంది. మా ఆవిడ పంపిన మలైకాజా డబ్బా సరిగ్గా అంతే తూగుతుంది. పక్క కుర్చీల వారికి పంచేశాను. ఒక తమిళ పెద్దాయన రెండు తీసుకుని, "ఏ ఊరు?" అని ఆప్యాయంగా అడిగారు. తినేది దిగిపోయింది, తినడానికి పనికిరాని మీరు విమానమెక్కారు.

మీ వంశచరిత్ర కూడా వాకబు చేశాను. చక్రాల మీద నిలువుగా లాక్కెళ్లే మీ రూపాన్ని 1987లో కల్పించింది రాబర్ట్ ప్లాత్ అనే అమెరికా పైలట్. పైలట్ కనుక తన పెట్టెను గేటు దగ్గర ఎవరు తూస్తారని ధీమా. ఐరోపాలో కొన్ని చవక విమానాలలో ఉచితంగా వచ్చేది సీటు కింద దూరే 40, 30, 20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. అక్కడ మీలాంటి వారికి విడిగా టికెట్టులాంటిదే కొనాలి.

తిరుగు ప్రయాణానికి మా కోడలు కిలో కూడా లేని గుడ్డ బ్యాగు ఇచ్చింది. చక్రాలు లేవు, ఇనుప కడ్డీలు లేవు, నొక్కితే లోపలికి పోతుంది. అందులో ఆరు కిలోలు నావే. మీరు వెనక మా అబ్బాయితో సంక్రాంతికి రైల్లో వచ్చారు.

మొన్న మా ఆవిడ మీలో పాత దుప్పట్లు సర్దింది. మూత బిగించడానికి నేను మీద కూర్చోవలసి వచ్చింది. పది కిలోలకు తక్కువ ఉండవు. ఎవరూ తూచలేదు.

ఇట్లు,
మీ మోతగాడు